వెళ్ళొస్తానని చెప్పి వచ్చిన ఊరు

ఇరవై రెండేళ్ళు మంచు మొహం చూడకుండానే మంచుదేశపు మనుషుల గురించి పాఠాలు చెప్పాను. విశాఖలో ఒక కాలేజీలో మానవశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఉత్తర ధ్రువం దగ్గరి ప్రజలు, మారిపోతున్న వాళ్ళ బతుకులు అనే పాఠం ఏటా మార్చి నెలలోనే వచ్చేది. బయట ఎండ పేలుతుంటే, కొంగుతో మెడ తుడుచుకుంటూ బోర్డు మీద రెయిన్‌డీర్ బొమ్మ వేసేదాన్ని. అది ఎప్పుడూ మేకలాగే వచ్చేది. ఒక ఏడాది ముందు బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, మీరెప్పుడైనా ఎల్లారా అక్కడికి?" అని అడిగేసింది. "పుస్తకాల్లో వెళ్ళాను" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

యాభై మూడో ఏట ఎట్టకేలకు సెలవు దొరికింది. నార్వే దేశం పైకొసకి, సామీలనే ప్రజల మధ్యకి, పన్నెండు రోజులు వెళ్ళొచ్చాను. వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆకాశంలో ఆడే ఆ పచ్చటి వెలుగుల గురించి మాత్రం నన్ను అడక్కండి. మే నెలలో అవి కనబడవట. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పిన దాన్ని, ఆ ముక్క నాకు అక్కడికెళ్ళాకే తెలిసింది.

గాజువాక: సాములోరికి నీసు

ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్ళకూడదు కదా. మా వీధిలో చేపలమ్మే పోలమ్మకి వేలెడంత ఎండు నెత్తళ్ళు తెమ్మని చెప్పాను. తట్ట దించీ దించకముందే మొదలెట్టింది.

"ఏటమ్మా, సలిదేసం ఎల్తన్నావంట? ఎవుల్ని సూడ్డానికి?"

"సామీలని చూడ్డానికి."

పోలమ్మ రెండు చేతులూ జోడించేసింది. "మంచుకొండల్లో తపస్సు సేసుకునే సాములోర్లా! అదురుష్టం అంటే నీదేనమ్మా."

"సరే గానీ, నెత్తళ్ళు ఒక కేజీ కట్టు. వాళ్ళకి పట్టుకెళ్ళాలి."

"ఓలమ్మో! సాములోరికి నీసు పట్టికెల్తావేటి? కళ్ళు పోతాయ్!"

సామీలంటే సాధువులు కారనీ, అదొక జాతి పేరనీ, వాళ్ళలో కొండల మీద రెయిన్‌డీర్ మేపుకునేవాళ్ళున్నట్టే సముద్రం ఒడ్డున చేపలు పట్టి బతికేవాళ్ళూ ఉన్నారనీ, నేను వెళ్ళేది ఆ చేపల వాళ్ళ దగ్గరికేననీ చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అంతా విని, "అయితే మాలాటోల్లే" అని తేల్చేసింది. ఇసక లేని నెత్తళ్ళు ఏరి ఏరి కట్టింది. బేరం కూడా ఆడనివ్వలేదు, ఎందుకంటే తనే తగ్గించేసింది.

ఇక్కడే ఇంకొక మాట చెప్పాలి. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చాడు. నేను వీధిలో పిల్లలతో ఆడుకుని ఇంటికొచ్చి "నాను", "ఏటి" అంటే అమ్మ చెవి మెలిపెట్టేది. "నేను అనాలి, ఏమిటి అనాలి!" తీరా నాకు దొరికిన మొగుడు సబ్బవరం మనిషి. పెళ్ళిపీటల మీద ఆయన "నానూ తలంబ్రాలు పొయ్యాలేటి?" అన్నప్పుడు మా అమ్మ మొహం చూసి తీరాలి!

ట్రామ్సో: బాతు నడక

విమానం దిగిన ట్రామ్సో అందమైన ఊరు. నేను అందులో మొదట చూసింది ఫుట్‌పాత్. చాలా దగ్గర నుంచి చూశాను. ఎండకి మెరుస్తున్నది తడి అనుకుని అడుగు వేశాను, అది గడ్డ కట్టిన మంచు. ఒక పెద్దాయన పరుగున వచ్చి లేపి, కాళ్ళు ఎడంగా పెట్టి బాతులా నడవాలని తనే నడిచి చూపించాడు. ఇద్దరం నడివీధిలో బాతుల్లా ఒక యాభై గజాలు నడిచాం. పేరు చెప్పాడు, టోపీ తీశాడు, వెళ్ళిపోయాడు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, జీతమెంత, ఒక్కటీ అడగలేదు. మనవాళ్ళయితే ఆ యాభై గజాల్లో నా జాతకం లాగేసేవాళ్ళు.

కాఫీ మన డబ్బుల్లో నాలుగు వందల దాకా పడింది. మొదటి గుక్క మింగుడు పడలేదు. అయితే ఒకసారి కొంటే రెండోసారి ఊరికే పోస్తారని తెలిశాక, మూడోసారి కూడా వెళ్ళాను. ఆ అమ్మాయి నవ్వుతూనే పోసింది.

ఊరి పేరు చెప్పను

అక్కడి నుంచి తూర్పుగా, కొండల మధ్యకి సముద్రం పాయలా చొచ్చుకొచ్చిన ఒక చోటికి వెళ్ళాను. దాన్ని ఫియోర్డ్ అంటారు. దాని ఒడ్డున ఇరవై ఇళ్ళున్న ఊరు. బస్టాపులో నాకోసం ఎల్లె నిలబడింది. ముప్ఫై ఒక్కేళ్ళ పిల్ల, పసిపిల్లల బడిలో టీచరు. ఏడాదిగా మా మధ్య ఇంగ్లీషులో ఉత్తరాలు నడుస్తున్నాయి. వాళ్ళ మామ్మ పేరు మారిత్. ఎనభై నాలుగేళ్ళు. సముద్రానికీ చేపలకీ గాలికీ ఆ ఒడ్డు వాళ్ళు వాడిన పాత సామీ మాటలన్నీ ఆ ఊళ్ళో ఇంకా తెలిసినది ఆవిడ ఒక్కర్తికే. ఆ మాటలు రికార్డు చేసుకోవడం నా పని.

కారులో ఎల్లె అసలు సంగతి చెప్పింది. "మామ్మ మీతో మాట్లాడుతుందో లేదో తెలీదు. నాతో ఇప్పటిదాకా ఒక్క సామీ మాట మాట్లాడలేదు. మా అమ్మతోనూ అంతే. నేను రెండేళ్ళుగా సాయంత్రాలు క్లాసుకి వెళ్ళి సామీ నేర్చుకుంటున్నాను. మా ఇంటి భాషని ఫీజు కట్టి నేర్చుకుంటున్నాను. నేను సామీలో అడిగితే ఆవిడ నార్వేజియన్‌లో జవాబిస్తుంది. ఒక్కసారి, ఆవిడ ఉండగా ఒక్కసారి నాతో మాట్లాడితే చాలు."

ఇల్లు చిన్నది, ఎర్రరంగు చెక్క ఇల్లు. చూరు కింద కాడ్ చేపలు తలలు తీసి, తోకలకి జతలుగా ముడేసి వేలాడదీసి ఉన్నాయి. ఉప్పు లేదు, ఏమీ లేదు. గాలికే ఎండిపోతాయట. ఒక్కొక్కటీ నా చెయ్యంత పొడుగు. వాసన మాత్రం అచ్చం మన ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండుచేపల వరసలదే. ఏడు సముద్రాలు దాటొచ్చి ముక్కు ఎగబీల్చి, "హమ్మయ్య" అనుకున్నాను.

మారిత్ మామ్మ పొట్టి మనిషి, చురుకైన కళ్ళు. చేతులు పోలమ్మవిలాగే గట్టిగా, గీతలు గీతలుగా ఉన్నాయి. నా నెత్తళ్ళ పొట్లం విప్పి, ఒకటి వేళ్ళతో ఎత్తి కిటికీ వెలుతురులో చూసి ఏదో అంది. ఎల్లె మొహమాటపడుతూ తర్జుమా చేసింది. "ఇంత చిన్నవి మేం ఎరకి వాడతాం అంటోంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి, అడక్కుండానే మూకుడు పెట్టి, నెత్తళ్ళు వేయించి నేను తెచ్చుకున్న కారం చల్లి ముందు పెట్టాను. మామ్మ ఒకటి తింది. కళ్ళంట నీళ్ళు. మంచినీళ్ళు తాగింది. ఇంకో మూడు తింది. తరవాత లేచి, ఎండిన కాడ్ చేపని రాయి మీద పెట్టి సుత్తితో దబదబా బాది, పోగులు చీల్చి వెన్న రాసి నాకిచ్చింది. ఉప్పూ కారం లేకుండా అది అంత రుచిగా ఎలా ఉందో ఈరోజుకీ నాకు బోధపడలేదు.

అలా రెండు రోజులు తిన్నాం, నవ్వుకున్నాం, కాఫీ తాగాం. ఆ కాఫీలో జున్నులాంటి ముక్కలు వేస్తారు. తాగాక అడుగున మిగిలినవి నమిలితే కిర్రుకిర్రుమంటాయి. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, సామీ మాట ఎత్తితే చాలు మామ్మ కిటికీలోకి చూసేది. "మర్చిపోయాను" అనేది. ఎల్లె తలదించుకుని తర్జుమా చేసేది. రికార్డరు నా సంచీలోంచి బయటికి రాలేదు.

మూడో రోజు నేను కారాషోక్ వెళ్ళాలి. అది కొండల మీద, రెండు గంటల దూరంలో సామీల పెద్ద ఊరు. అక్కడి మ్యూజియం వాళ్ళు పాత వస్తువుల గది తెరిచి చూపిస్తామని నాలుగో రోజు ఒక పూట ఇచ్చారు. ఆ మర్నాడే నా విమానం. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, కాదు బూట్లు తొడుక్కుంటూ, నోటికొచ్చిన అలవాటు చొప్పున, "వెళ్ళొస్తాను మామ్మా" అన్నాను. ఎల్లె అర్థం అడిగితే, వెళ్ళి మళ్ళీ వస్తానని అర్థం అన్నాను. ఎల్లె అది మామ్మకి చెప్పింది.

"ఎప్పుడు?" అంది మామ్మ.

"రేపో మాపో!" అని నవ్వుతూ కారెక్కాను.

కారాషోక్: గది తాళం తియ్యలేదు

కారాషోక్‌లో మొదటిరోజు హాయిగా గడిచింది. సామీల రంగురంగుల బట్టలు వేసుకున్న కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ పిజ్జా తినడం చూశాను. ఒక్కో ఊరికీ ఒక్కో అంచు, ఒక్కో టోపీ. మా ఇళ్ళల్లో చీరకట్టు చూసి ఏ ప్రాంతమో చెప్పే పెద్దాళ్ళు ఉండేవారు, అలాంటి లెక్కే. నేను బోర్డు మీద మేకలా వేసిన రెయిన్‌డీర్‌ని దగ్గరగా చూశాను. కాస్త మేకలాగే ఉంది, అంత తప్పేమీ వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న, మ్యూజియానికి బయల్దేరుతుండగా ఎల్లె ఫోను చేసింది.

"ఏ బస్సుకి వస్తున్నారు? మామ్మ అడుగుతోంది."

"ఎక్కడికి?"

ఎల్లె నెమ్మదిగా చెప్పింది. నిన్న మధ్యాహ్నం నుంచీ మామ్మ మంచి గౌను వేసుకుని కిటికీ దగ్గర కూర్చుందట. బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టి, తియ్యనివ్వడం లేదట. "ఇంకో సంగతి. నిన్న సాయంత్రం తలుపు ఇవతల నిలబడి విన్నాను. తనలో తను మాటలు గుర్తుచేసుకుంటోంది. సామీలో. చేపల పేర్లు, గాలుల పేర్లు, ఒకదాని తరవాత ఒకటి, మీకు అప్పజెప్పడానికి. నేను లోపలికి వెళ్ళగానే ఆపేసింది. నేను మళ్ళీ బయటికొచ్చి తలుపు ఇవతలే కూర్చున్నాను, సుజాతా. పన్నెండు మాటలు లెక్కపెట్టాను. అందులో నాలుగు నాకు అసలు తెలీవు."

వెంటనే మా ఆయనకి ఫోను చేశాను.

"ఏటి సేత్తన్నావ్? తిన్నావా? ఇక్కడ ఎండకి సచ్చిపోతన్నాం" అని మొదలెట్టారు.

సంగతి చెప్పాను. "ఊరికే అన్నానండీ. మనం అనమూ? వెళ్తున్నాను అనకూడదు కదాని వెళ్ళొస్తాను అన్నాను."

"మనం మనోల్లతో అంతాం. ఆవిడకేటి తెలుస్తాది? పైగా రేపోమాపో అని కూడా అన్నావు. ముసలావిడ తలుపు కాడ కూకుని సూత్తంటే, నువ్వు మ్యూజియంలో బొమ్మలు సూత్తావేటి?"

"ఈ గది కోసం ఇరవై రెండేళ్ళు ఎదురుచూశానండీ."

"ఆవిడ ఎన్నేల్లు సూసిందో ఎవులికి తెలుసు? ఎల్లు సుజాతా. మాటన్నాక ఎల్లాల."

ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. మ్యూజియం వాళ్ళకి క్షమాపణ చెప్పుకుని బస్సెక్కాను. ఆ గది నేను ఇప్పటికీ చూడలేదు.

మళ్ళీ ఆ ఇల్లు

మామ్మ నన్ను చూడగానే లేచింది. పొయ్యి మీద చేప పులుసు, అంటే మన పులుసు కాదు, కాడ్ ముక్కలూ కార్జమూ బంగాళాదుంపలూ వేసి ఉడికించినది, గిన్నెల్లోకి తోడింది. నాకు సిగ్గేసింది. తినడం అయ్యాక చేతులు పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా దేశంలో గుమ్మం దాటేవాళ్ళు "వెళ్తున్నాను" అనరనీ, అది పోయేవాళ్ళ మాట అనీ, తిరిగి వచ్చినా రాకపోయినా "వెళ్ళొస్తాను" అనే అంటామనీ చెప్పాను.

"అందరూ తిరిగి వస్తారా?" అంది మామ్మ.

"రారు."

"వాళ్ళకి తెలుసా, రామని?"

"ఒక్కోసారి తెలుసు."

"అయినా అంటారు."

"అంటాం మామ్మా."

ఆవిడ పకపకా నవ్వింది. "ఊరు ఊరంతా అబద్ధాలకోర్లు!" అంది. తరవాత నా సంచీ వైపు వేలు చూపించింది. రికార్డరు తియ్యమని.

గంటసేపు చెప్పింది. చేపకి మాట, ఎండుచేపకి మాట, కొండ మీంచి దిగే గాలికి వేరు, సముద్రం మీంచి వచ్చే గాలికి వేరు. నా వైపే చూస్తూ, నాకే చెప్పింది. ఎల్లె మూలన కాఫీ గిన్నె పట్టుకుని, కదిలితే ఆ మాటలు ఎగిరిపోతాయేమో అన్నట్టు నిలబడిపోయింది. చివర్లో ఉండబట్టలేక సామీలోనే ఏదో చిన్న ప్రశ్న అడిగింది. మామ్మ నార్వేజియన్‌లో జవాబు చెప్పింది.

ఎందుకని నేనే అడిగాను. అడక్కుండా ఉండాల్సిందేమో. మామ్మ చెప్పింది ఎల్లెయే నాకు తర్జుమా చెయ్యాల్సొచ్చింది, పాపం. "ఏడేళ్ళప్పుడు హాస్టలు బడిలో వేశారు. ఈ భాష మాట్లాడితే అన్నం దగ్గర కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. నా పిల్లలకి అది రాకూడదనుకున్నాను. అందుకని వాళ్ళకి ఇవ్వలేదు. ఇదిగో ఈవిడ పరాయిది. ఈవిడకి ఇస్తే ఎవరూ ఈవిణ్ణి ఏమీ చెయ్యరు. ఎల్లెతో మాట్లాడాలని నోరు తెరుస్తాను, రాదు. గొంతులోనే ఉండిపోతుంది."

నాకు మా అమ్మ మెలిపెట్టిన చెవి గుర్తొచ్చింది. అదైతే నవ్వుకునే కథే. కానీ క్లాసులో ఆ ముందు బెంచీ అమ్మాయి "ఎల్లారా" అన్నప్పుడు, జవాబు చెప్పే ముందు నేను "వెళ్ళారా అనాలి" అని దిద్దాను. ఆ ముక్క పైన రాయలేదు. అక్కడ రాయడానికి సిగ్గేసింది. క్లాసు నవ్వింది నా జవాబుకే కాదు, ఆ పిల్లని చూసి కూడా. ఆ తరవాత మిగతా ఏడాదంతా ఆ అమ్మాయి నన్ను ఏమీ అడగలేదు. మామ్మ బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. వాళ్ళిద్దరూ ఎందుకో తెలీక నాకు ఇంకో కప్పు కాఫీ పోశారు.

బయల్దేరే వేళయింది. గుమ్మంలో నా నాలుకకి పెద్ద చిక్కొచ్చి పడింది. వెళ్ళొస్తాను అంటే అబద్ధం. వెళ్తున్నాను అనడానికి నోరు రాదు. మీ భాషలో ఏమంటారని ఎల్లెని అడిగాను. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళతో "బాజె దెఅర్వన్" అంటారట, క్షేమంగా ఉండు అని. అన్నాను. మామ్మ పళ్ళు బయటపెట్టి నవ్వి, రెండుసార్లు దిద్ది పలికించింది. నేను నాలుగోసారికి పాసయ్యాను.

ఎల్లె నన్ను బస్టాపులో దింపాలి, మేమిద్దరం మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్ళాం. నేను కూర్చున్నాను. ఎల్లె తన వైపు తలుపు తీసింది. అప్పుడు గుమ్మంలోంచి మామ్మ గట్టిగా పిలిచినట్టు అంది.

"మన్ని దెఅర్వన్!"

నా చెవికి "మనని" అన్నట్టు వినబడి, మామ్మకి తెలుగెక్కడ వచ్చిందా అనుకున్నాను. ఎల్లె తలుపు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయింది.

"ఏమంది?"

"క్షేమంగా వెళ్ళండి అని. ఉండేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో అనేది."

"మంచి మాటే కదా, ఏమైంది?"

"ఒక్కరితో అయితే 'మన' అంటారు. చాలామంది అయితే 'మన్నెత్'. 'మన్ని' అంటే..." ఎల్లె రెండు వేళ్ళు చూపించింది.

బడిలో సంస్కృతం క్లాసులో రామః, రామౌ, రామాః అని వల్లె వేశాం కదా. ఆ మధ్యది. సరిగ్గా ఇద్దరికి మాత్రమే చెప్పే మాట. కారు దగ్గర ఉన్నది నేనూ ఎల్లె.

"నాకు కూడా చెప్పింది" అంది ఎల్లె.

తలుపు బార్లా వదిలేసి వెనక్కి పరిగెత్తింది, బాతు నడక లేదు ఏమీ లేదు, మంచు మీద జారుతూ, లేస్తూ. మెట్ల మీద మామ్మ ముందు నిలబడి "బాజె దెఅర్వన్" అంది. గంటలో తిరిగొచ్చేసే పిల్ల! మామ్మ తల అడ్డంగా ఊపి, ఎల్లె గడ్డం పట్టుకుని, ఆ మాట మళ్ళీ పలికించింది. తరవాత ఇంకేదో అంది. ఎల్లె ఏదో అంది. మళ్ళీ మామ్మ. వాళ్ళు నార్వేజియన్ మాట్లాడటం లేదని మాత్రం నాకు తెలుస్తోంది. కారులోకి చలిగాలి కొడుతోంది, తలుపు వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఒక్క ముక్క అర్థం కాకుండా అలాగే వింటూ కూర్చున్నాను. నా బస్సు వెళ్ళిపోయింది.